అన్నమయ్య పదములకు వరుస లెవ్వరివి?

తిరుపతి పట్టణమున తెల్లవారుజామున ఏ వీధిని నడచినను తాళ్లపాక అన్నమాచార్యుల పదము చెవినిబడక మానదు. బస్సులలోను, అంగళ్లలోను, పెండ్లిపందిళ్లలోను అది వినబడుచునే యుండును. చిత్తూరు మొదలు శ్రీకాళహస్తి వరకు గల పల్లెలలో చదువెరుగని ముసలమ్మలు గూడ నాలుగైదు పదములను తడుముకొనక పాడుదురు. ఇన్ని నోళ్ల మెలగుచున్న ఈ పాటను విని, “ఇది అయిదువందల యేండ్లనాటి పాట” యని మనము చెప్పుకొనుచున్నాము. ఆ మాటలో సగమే నిజము. పదము అయిదువందల యేండ్లనాటిదే. దానిని మనము పాడు వరుస మాత్రము పెక్కుచోట్ల మన తాతల తరమునకును, కొన్నిచోట్ల మన తండ్రుల తరమునకును చెందినది.

2025వ సంవత్సరము మార్చి 9వ తేదీన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు తిరుపతిలో దివంగతులైరి. అరువందలకు మించిన అన్నమయ్య పదములకు వరుసలు గట్టినవారని వారికి ఖ్యాతి. అట్టివారిని స్మరించునపుడు సంగీతాభిమానులు నలుగురు గూడినచోట ఒక పాతవాదము మరల మొలకెత్తుచుండును. వారు చేసినది అన్నమయ్యను బ్రతికించుటయా, లేక అన్నమయ్య పేరిట తమ పాటను వినిపించుటయా? మా పైతరగతుల విద్యార్థులును ఈ వాదములో దిగి, రెండు కక్షలుగా చీలి, విరామసమయములను గూడ మరచిరి. వారికొరకు మేము సేకరించి చెప్పిన సంగతులనే యిచ్చట పాఠకులకు సమర్పించుచున్నాము.

వాదము బోధపడుటకు ముందుగా కొంత చరిత్ర తెలియవలెను. అన్నమాచార్యులు రాజంపేట చేరువనున్న తాళ్లపాక గ్రామమున జన్మించిరి. రాగిరేకుల మొదటనున్న వ్రాతనుబట్టి, శకము 1346 క్రోధి సంవత్సరమున, అనగా క్రీ. శ. 1424లో, పదునారేండ్ల ప్రాయమున వారు సంకీర్తనములు చెప్ప నారంభించిరి. శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు, అనగా 1503లో, పరమపదించిరి. పదముల సంఖ్య ముప్పది రెండువేలని వారి మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసిన జీవితచరిత్రమున గలదు. నేడు లభించుచున్నవి పండ్రెండువేలకును పదునాలుగువేలకును నడుమ. ఈ సంపద మనకు దక్కుటకు కారకులు వారి కుమారులు పెదతిరుమలాచార్యులు. వారు తండ్రిగారి పదములను రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయములోని ఒక చిన్న రాతిగదిలో భద్రపరపించిరి. ఆ గదియే సంకీర్తన భాండాగారము.

ఆ రేకులను తొలుత బయటిలోకమునకు ఎరుకపరచినవాడు పాటల కొరకు వెదకినవాడు కాకపోవుట వింత. మదరాసు సివిలు ఉద్యోగియగు ఏ. డి. క్యాంబెల్ దొర 1816లో ప్రకటించిన తన తెలుగు వ్యాకరణపు పీఠికలో వీని ప్రస్తావన చేసెను. తిరుపతిలో వేలకొలది రాగిరేకులపై తెలుగుభాషను గూర్చిన గ్రంథ మున్నదని ఆయన వినెను. ప్రాచీనవ్యాకరణ మేదైన దొరకునని ఆశపడి పరీక్షింపజేయగా, అవి దేవుని స్తుతించు పాటలేయని తేలెను. దొరకు కలిగిన నిరాశ యెంతయో గాని, ఆ సంగతిని వ్రాసియుంచినందులకు మనమాయనకు ఋణపడియున్నాము. అటుపిమ్మట నూరేండ్లకు పైగా రేకులు నిద్రించినవి. 1922లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దృష్టి వానిపై బడినది. తరువాత దేవస్థానమువారు పదములను సంపుటములుగా అచ్చువేయింప మొదలిడిరి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మున్నగు పండితులు ఆ పనిలో శ్రమించిరి.

ఇక వాదమునకు మూలమైన సంగతి. రేకులపై ప్రతి పదమునకును రాగము పేరు చెక్కబడియున్నది: సామంతము, శ్రీరాగము, పాడి, బౌళి, ముఖారి, గుండక్రియ, ఆహిరి, ఇత్యాదులు. తాళము పేరు సాధారణముగా లేదు. స్వరములు లేనేలేవు. అన్నమాచార్యులు సంకీర్తనలక్షణమును గూర్చి సంస్కృతమున ఒక గ్రంథమే రచించిరి. అది నశించినది. మనుమలలో నొకరగు చినతిరుమలాచార్యులు చేసిన తెలుగుసేత మాత్రము నిలిచినది. అందు పదమెట్లుండవలెనో యున్నదేగాని, ఫలాని పదము నెట్లు పాడిరో లేదు. భజనపరుల నోట నిలిచిన కొద్ది పదములను విడిచినచో తక్కినవానికి మూగతనమే ప్రాప్తించినది. ఊరిపేరు తెలిసి దారి తెలియని బాటసారి స్థితి యెట్టిదో, రాగము పేరు చూచి పాడబోవువాని స్థితియు నట్టిదే.

స్వరములు వ్రాసియుంచుటవలన కలుగు మేలేమో తెలియుటకు మన సీమలోనే మంచి నిదర్శనము గలదు. జనగణమన గీతమును రవీంద్రనాథ ఠాకూరుగారు 1911లో రచించిరి. 1919లో వారు నాటి చిత్తూరుజిల్లాలోని మదనపల్లెకు వచ్చి కొన్నాళ్లు విశ్రమించినపుడు, అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలాధ్యక్షులైన జేమ్స్ కజిన్స్‌గారి భార్య, సంగీతపట్టభద్రురాలు మార్గరెట్ కజిన్స్, ఆ పాటకు పాశ్చాత్యపద్ధతిని స్వరములు వ్రాసిపెట్టెను. తాళ్లపాకవారి రేకులకు ఇట్టి చేతివ్రాత యొక్కటి తోడైయున్నచో నేటి కలహము పుట్టియే యుండదు. అటులే, మన తరమువారికి వరుసలు గట్టు భాగ్యమును కలిగియుండదు.

మౌనముగా నున్న పదములకు నోరిచ్చినవారిలో మొదట చెప్పదగినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. అనంతపురము జిల్లాలో 1893లో జన్మించి, మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా పెక్కేండ్లు పనిచేసి, పిదప తిరుపతికి వచ్చి పదముల పరిష్కరణమును, నూటికి పైబడిన పదముల స్వరలేఖనమును నిర్వహించిరి. సాహిత్యమును సంగీతమును సమముగా నెరిగినవారు. 1974లో మదరాసు సంగీతవిద్వత్సభవారు వారిని సంగీతకళానిధిగా గౌరవించిరి. తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు (1927-2014) కచేరీవేదికపై పల్లవించునట్టి గంభీరమైన వరుసలు గూర్చిరి. 1980 ప్రాంతమున వెలువడిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి బాలాజీ పంచరత్నమాల రికార్డుల మూలమున వారి స్వరకల్పనలు కొన్ని దేశమంతట వ్యాపించినవి.

నేదునూరివారియొద్ద శిక్షణ పొందినవారే బాలకృష్ణప్రసాద్‌గారు. 1948లో రాజమహేంద్రవరమున జన్మించి, 1978లో తిరుపతిలో దేవస్థానమువారి అన్నమాచార్య ప్రాజెక్టు నెలకొన్నపుడు అందు చేరి, పదవీవిరమణము వరకు అందే యుండిరి. గురువుగారు కచేరీని దృష్టియందుంచుకొనగా, శిష్యుడు ఇంటిముంగిటిని దృష్టియందుంచుకొనిరని మా యభిప్రాయము. వారి పల్లవులు సంగీతశిక్షణ లేని గొంతునకును లొంగును. మాట విరుగదు, అర్థము చెడునట్లు తాళము పదమును నరుకదు. “వినరో భాగ్యము” అను పదము నెవ్వరు పాడినను వారు గట్టిన వరుసయే నోటికి వచ్చును. గ్రామఫోను పలకల నాటి ఖరీదు క్యాసెట్టునకు లేకపోవుటయు వారికి కలిసివచ్చినది. టేపురికార్డరు గల ప్రతి యింటిలోను అన్నమయ్య పదము ప్రవేశించినది.

అభిమానుల వాదమిప్పుడు వినుడు. ఒక కక్షవారు, బాలకృష్ణప్రసాద్‌గారు లేకున్నచో సంపుటములు పుస్తకశాలలలో చెదలకు ఆహారమై యుండెడివని, జనుల నోట నిలిపినవాడే కవిని బ్రతికించినవాడని అందురు. రెండవ కక్షవారు, రేకుపై చెక్కిన రాగమును విడిచి పాడిన పాట అన్నమయ్యది కాదందురు. ఇంతేకాక, అందరి నోటికి లొంగునట్లు చేసిన వరుసలలో రాగముల ప్రౌఢి తగ్గునని, ఒక వరుస మరియొకదానిని పోలియుండునని వారి ఫిర్యాదు. ఇటీవల మూడవ కక్షయు బయలుదేరినది. 1997లో వెలువడిన ‘అన్నమయ్య’ చలనచిత్రమును బాల్యమున చూచినవారు ఇందలి సభ్యులు. ఆ చిత్రమునకు ఎం. ఎం. కీరవాణిగారు జాతీయపురస్కారము నందిరి. వీరికి ఆ వరుసలే ప్రమాణము. ఆ చిత్రములోని కొన్ని పాటలు వేటూరి సుందరరామమూర్తిగారు రచించినవని చెప్పినచో వీరిలో కొందరు నమ్మనే నమ్మరు. అవియు తాళ్లపాకవే యనుకొనుచున్నారు!

రెండవ కక్షవారి వాదము పైకి మిక్కిలి బలమైనదిగా కనబడును. రాగము రేకుపై నున్నది కదా, దానిని మార్చుట కెవ్వరికి హక్కు? కాని ఈ వాదమును కొంత త్రవ్వి చూడవలెను. ‘నానాటి బతుకు’ అను పదమును తీసికొందము. రేకుపై దీని రాగము ముఖారి. నేడు జనులు పాడునది రేవతి, నేదునూరివారు గట్టినది. రేవతిలో షడ్జమము, శుద్ధరిషభము, శుద్ధమధ్యమము, పంచమము, కైశికినిషాదము అని అయిదే స్వరములు. ఇది మన కచేరీలలో ప్రచారమునకు వచ్చి నూరేండ్లయిన కాలేదు. కావున నేదునూరివారు రేకును మీరినారనుట స్పష్టము. సరే, ముఖారిలోనే పాడుదమనుకొందము. ఏ ముఖారి?

అన్నమాచార్యుల తరువాత సుమారు అర్ధశతాబ్దమునకు, 1550లో, విజయనగరమున రామామాత్యుడు స్వరమేళకళానిధి యను శాస్త్రగ్రంథమును రచించెను. అందు మేళములలో మొదటిది ముఖారి. దానిలోని స్వరములన్నియు శుద్ధస్వరములు. వేంకటమఖి డెబ్బదిరెండు మేళముల చక్రమును కట్టినపుడును మొదటి మేళము స్వరములు ఇవియే. దానిని మనమిప్పుడు కనకాంగి యనుచున్నాము. హార్మోనియముపై మొదటి తెల్లమెట్టును షడ్జమముగా గైకొన్నచో, దాని వెనువెంటనే రెండుమెట్లు, పిదప మధ్యమపంచమములు, పంచమము వెనువెంటనే మరల రెండుమెట్లు. నేటి ముఖారియో, ఖరహరప్రియ జన్యము. చతుశ్రుతిరిషభము, సాధారణగాంధారము గలిగి, ధైవతము ఎక్కునపు డొకరీతిని దిగునపు డొకరీతిని పలుకునది. రెంటికిని పేరొక్కటే, నడక వేరు. నేటి ముఖారిలో పాడినవాడు తాను రేకును పాటించితినని సంతోషింపవచ్చును గాని, అన్నమయ్య విన్న ముఖారిని పాడితినని చెప్పజాలడు. రామామాత్యుని ముఖారిలో పాడినచో చెవి కింపుగా నుండునా యని మేము హార్మోనియముపై పలికించి చూపితిమి. తరగతిలో నవ్వు పుట్టినది. అయిదువందల యేండ్లలో మన చెవులును మారినవి.

రాగములన్నియు నిట్లే తలక్రిందులైనవని విద్యార్థులు తలపరాదు. బౌళి, నాట, శంకరాభరణము వంటివి మొదటి రూపమునకు చాలవరకు దగ్గరగా నిలిచినవి. కొండమలహరి, అమరసింధు వంటివి పేరు మాత్రము మిగిలి రూపమును కోల్పోయినవి. ముఖారి వంటివి పేరును నిలుపుకొని దేహమును మార్చినవి. ఏ పద మే గుంపులోనిదో తెలియకయే “రేకుపై నున్నది” యని గద్దించుట పాండిత్యమనిపించుకొనదు.

ఈ సంగతిని ప్రత్యక్షముగా చూపుటకై మేమొక పరీక్ష చేసితిమి. సంగీతము నేర్చుచున్న ముగ్గురు విద్యార్థులకు, వారెన్నడును వినని ఒక పదమును సంపుటమునుండి వ్రాసియిచ్చి, రాగము శంకరాభరణమని మాత్రము చెప్పి, వారము దినములు గడువిచ్చితిమి. ఒకరితో నొకరు మాటాడరాదని కట్టడి. వారమునకు ముగ్గురును పాడిరి. ఒకని పాట తిశ్రగతిని జోలపాటవలె నూగినది. రెండవవాడు దానిని చాపులో మెల్లగా, ప్రతి మాటపై నిలిచి నిలిచి పాడెను. మూడవ విద్యార్థిని పాట ఆదితాళమున భజనగోష్ఠివలె సాగి, రెండవ చరణమునకే తరగతియంతయు చప్పట్లు కలిపినది. రాగమున ముగ్గురును తప్పలేదు. కాని మూడు వేర్వేరు పాటలు! అంతట వెనుకబల్లనుండి యొక బాలుడు, “అయ్యవారూ, ఈ మూటిలో అన్నమయ్య దేనికి తలయూచును?” అని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానము నూరు కచేరీలు విన్నను దొరకునది కాదు. మేమును ఊరకుంటిమి.

మన ప్రార్థనామందిరములలోని కీర్తనలను గమనించినవారికి ఈ వింత క్రొత్తగాదు. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలగువారి రచనలు గల ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున ప్రతి కీర్తనకును పైన రాగము, తాళము అచ్చయియుండును. తెలుగు ప్రతిలో స్వరములుండవు. ఒక ఊరి సంఘమువారు పాడు వరుస పొరుగూరివారికి తెలియదు. సెలవులకు చుట్టముల యింటికి పోయిన పిల్లలు ఆదివారమున నోరు కలుపబోయి తెల్లబోవుట మన విద్యార్థులలో పలువురి యనుభవమే. అయినను కీర్తన చౌదరిగారిదేయని రెండూళ్లవారును ఒప్పుకొందురు. మా వరుసయే చౌదరిగారు పాడిన వరుస యని పోరాడరు. తాళ్లపాక పదముల విషయమున ఇంత సమాధానము కానరాదు. కారణము, క్యాసెట్టు. యంత్రము ఒక్క వరుసను వేలసారులు ఒక్కరీతిని వినిపించును. వేలసారులు విన్నది అనాదిసిద్ధమని చెవి నమ్మును.

యంత్రముల ప్రస్తావన వచ్చినది గనుక పడమటిదేశపు కథ యొకటి. రాబర్ట్ మోగ్ అను అమెరికా దేశీయుడు 1964లో విద్యుత్తుచే నాదమును పుట్టించు సింథసైజరు అను వాద్యమును నిర్మించెను. 1968లో వెండీ కార్లోస్ ఆ వాద్యముపై, 1750లో మృతినొందిన జర్మను సంగీతకర్త బాఖ్ రచనలను వాయించి ఒక రికార్డును వెలువరించెను. పండితులలో కొందరు ఇది అపచారమనిరి. గ్లెన్ గూల్డ్ వంటి బాఖ్ ప్రవీణుడే దానిని మెచ్చుకొనెను. లక్షలకొలది సామాన్యులు బాఖ్ పేరు తొలుత ఆ రికార్డు మూలముననే వినిరి. ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. బాఖ్ స్వరములను తానే వ్రాసిపెట్టెను; కార్లోస్ మార్చినది ధ్వనిని మాత్రమే, వరుసను కాదు. మనవారు వరుసనే కల్పింపవలసివచ్చెను. కావున మనవారి బాధ్యత హెచ్చు, స్వేచ్ఛయు హెచ్చు. భక్తిపాటల రికార్డులలో విద్యుత్ కీబోర్డు మ్రోగగానే ముఖము చిట్లించు పెద్దలు, తంబురకు బదులు నేటి విద్వత్సభలలో మ్రోగుచున్న శ్రుతిపెట్టెయు విద్యుద్యంత్రమేయని మరచుచుందురు. హార్మోనియమును 1940లో ఆకాశవాణివారు బహిష్కరించి 1971 వరకు దగ్గరకు రానీయలేదు. ఆ ముప్పదియేండ్లును అది భజనమందిరములలోను నాటకశాలలలోను నిశ్చింతగా మ్రోగుచునేయుండెను.

మా తీర్పేమని విద్యార్థులు పట్టుబట్టిరి. రేకులపై రాగము పేరు పూర్వులు విడిచిన సాక్ష్యము; దానిని అకారణముగా విడుచుట మాకు సమ్మతము గాదు. రాళ్లపల్లివారి మార్గము ఈ కారణముననే మాకెక్కువ గౌరవపాత్రము. కాని బాలకృష్ణప్రసాద్‌గారిపై మోపబడు నేరము వారొక్కరిది గాదు. రాగమును మార్చుటలో విద్వాంసులును వెనుదీయలేదు. ఇక వారి వరుసలు తేలికయనుట దోషమని మేమనజాలము. అన్నమయ్యయే ఏలపాటలు, జాజరలు, ఉయ్యాలపాటలు, కోలాటపు పాటలు చెప్పినవాడు. పల్లెపడుచుల పాటను చేపట్టిన కవికి పల్లెపడుచులు పాడగల వరుసను ఇచ్చుట ఏమి యపచారము? వేదాంతార్థముగల పదమునకును అదే మెత్తదనమును వాడినచోట మాత్రము విమర్శకుల పక్షమున నిలువగలము. అట్టివి కొన్ని యున్నవి.

మమ్ము నిజముగా బాధించునది వేరొకటి. పాఠశాలల పోటీలలోను, ఉత్సవములలోను పాడువారు “అన్నమాచార్య కీర్తన” యని ప్రకటింతురేగాని వరుస గట్టినవారి పేరు చెప్పరు. ఈ యలవాటువలన రెండు నష్టములు. ఒకటి, రాళ్లపల్లి, నేదునూరి, గరిమెళ్ల వంటివారి శ్రమ ఒక తరములోనే అనామకమగును; పెదతిరుమలాచార్యులు తండ్రి పేరు నిలుపుటకు రాగిని చెక్కించిరి, మనము కాగితముపై నొక పంక్తి వ్రాయలేకున్నాము. రెండవది ఇంకను పెద్దది. ఉన్న వరుస కవిదేయను భ్రమ బలపడినకొలది క్రొత్తగా గట్టువానికి ధైర్యము తగ్గును. పండ్రెండువేలకు పైబడిన పదములలో జనులు పాడుచున్నవి కొన్ని వందలే. తక్కినవి సంపుటములలో, తలపై రాగము పేరు ధరించి, నోరులేక నిలిచియున్నవి.

వచ్చు సంవత్సరపు సంగీతపోటీలో పాల్గొన దలచువారు ఈ క్రింది యభ్యాసమును చేసికొని రావలెను. ‘నానాటి బతుకు’ పల్లవిని ముందుగా రేవతిలో, పిదప నేటి ముఖారిలో పాడి, ఏ మాటవద్ద భావము మారినదో వ్రాసికొనుడు. తరువాత సంపుటములనుండి మీరెన్నడును వినని పదమొకటి యెంచుకొని, రేకునందలి రాగములో మీరే వరుస గట్టుడు. స్వరములు వ్రాయుట తప్పనిసరి. పత్రము పైభాగమున పదకర్త పేరును, దాని క్రింద వరుస గట్టినవారి పేరును, అనగా మీ పేరును, తరగతియు వ్రాసి మాకు అందజేయవలెను.